పాలమూరు పూర్ణం

పండుగ ఏదైనా కానివ్వండి, తెలుగువారి వంటింట్లో పైకి కనిపించేది పిండి, లోపల దాగి ఉండేది పూర్ణం. పైపిండి ఎవరైనా కలపగలరు; ఇంటి గుట్టంతా పూర్ణంలోనే ఉంటుంది. “మా అత్తగారింట్లో యాలకులే వేస్తారు” అని ఒకరు, “మా అమ్మ శొంఠి లేనిదే ముట్టేది కాదు” అని మరొకరు వాదించుకోవడం మనం ఎరగనిది కాదు. అమెరికాలో కాపురమున్న మా చెల్లెలి కూతురు ఒకసారి ఫోనులో చెప్పింది: అక్కడ నవంబరు నాలుగవ గురువారం పండుగనాడు టర్కీ కోడి వండుతారు, దాని కడుపులో కూరే రొట్టెముక్కలు, ఉల్లిపాయ, సెలెరీ, సేజ్ ఆకుల గురించి ఇంటింటా ఇదే తగవట! “అది వాళ్ళ పూర్ణం మామా!” అని నవ్వింది. ఆ మాట నాకు బాగా నచ్చింది. మరి మన పూర్ణాల సంగతి ఏమిటని, ఉగాది సెలవులు కలిసిరాగానే చేతిసంచీ తగిలించుకుని బయలుదేరాను.

నేను నల్లగొండలో పాఠాలు చెప్పుకునే వాణ్ణి. ఊరిని ఆనుకునే పానగల్లు ఉన్నది. కందూరి చోళులు కల్యాణి చాళుక్యుల సామంతులుగా ఏలిన చోటు. ఛాయా సోమేశ్వరాలయం ఇక్కడిదే. ఆ చాళుక్యులలో సోమేశ్వరుడనే రాజు 12వ శతాబ్దంలో ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం కూర్చాడు. అందులో రాజ్యతంత్రంతో పాటు వంటలూ ఉన్నాయి. పప్పు, బెల్లం పూర్ణంగా పెట్టి కాల్చే భక్ష్యం కూడా ఉన్నది. కోస్తావారి బొబ్బట్టు మా వైపు ఒక ఇంట పోలె, మరొక ఇంట బచ్చం. భక్ష్యమే బచ్చమైందని వేరే చెప్పనక్కరలేదు. ఇక పోలెకు మరాఠీ పోళీ, కన్నడ హోళిగె అక్కాచెల్లెళ్ళు. పాత కన్నడంలోని పకారం తరువాత హకారంగా మారింది. మనవాళ్ళు మాత్రం పకారాన్ని వదలలేదు.

పోలెల పూర్ణం చెప్పడానికి సులువు, చేయడానికి కష్టం. తవ్వెడు శనగపప్పుకు తవ్వెడు బెల్లం. పప్పు వేళ్ళ మధ్య నొక్కితే నలగాలి గాని ముద్ద కారాదు. నీళ్ళు వార్చి, బెల్లం కలిపి రోట్లో మెత్తగా రుబ్బాలి. వార్చిన నీళ్ళు పారబోసే ఇల్లాలు మా జిల్లాలో ఉండదు. వాటిలో చింతపండు, కాస్త పూర్ణం, పోపు వేస్తే బచ్చాల చారు. పోలెలకన్నా ఆ చారుకోసమే కాచుకుని కూర్చునే వాళ్ళున్నారు. వాళ్ళలో నేనొకణ్ణి!

అయితే పూర్ణంలో అన్నింటికన్నా ముఖ్యమైన దినుసు ఏది? మర్రిగూడ వైపు ఒక ఊళ్ళో ఒక పెద్దమ్మను ఇదే అడిగాను. ఆమె బెల్లమనీ అనలేదు, నెయ్యి అనీ అనలేదు.

“నీళ్ళు సారూ! మా బాయినీళ్ళల్ల పొద్దంత పొయ్యి మీద పెట్టినా పప్పు ఉడుకకపోయేది. పండుగ వచ్చిందంటే మా అత్త చెరువు నుంచి బిందె తెప్పిచ్చి దాచిపెట్టేది. ఆ నీళ్ళు తాగనిచ్చేది కాదు, పప్పుకే.”

పప్పును ఉడకనివ్వనివి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. అవి పప్పుగింజలోని జిగురును పట్టి గట్టిపరుస్తాయి. ఫ్లోరైడు అంతకన్నా మోసకారి. దానికి రుచీ లేదు, రంగూ లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాలలో తరాల తరబడి పండ్లు గారపట్టించి, ఎముకలు వంచివేసింది అదే. మిషన్ భగీరథ పథకం 2016లో మొదలై, కృష్ణ నీరు కుళాయిలలోకి వచ్చిన తరువాత పప్పు సుఖంగా ఉడుకుతున్నదని పెద్దమ్మ సంతోషించింది. పోలె తుంచి నాకు అందించిన ఆమె మోచెయ్యి మాత్రం తిన్నగా చాపుకోలేదు.

అక్కడినుంచి మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పాలమూరు చేరాను. ఉమ్మడి మహబూబ్‌నగర్ 2016లో నాలుగు జిల్లాలు అయింది. 2019లో నారాయణపేట కూడా వేరుపడింది. వంటింటికి మాత్రం ఈ సరిహద్దులు పట్టవు. నారాయణపేట వైపు కన్నడదేశం పక్కనే కనుక కొందరు శనగపప్పుకు బదులు కందిపప్పుతో పూర్ణం చేస్తారు. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఎర్రనేలల్లో పల్లి పంట. అక్కడ పల్లీ లేని పూర్ణమే అరుదు. సజ్జరొట్టె పక్కన వడ్డించే గుత్తివంకాయలోనూ అదే: వేయించిన పల్లీ, నువ్వులు, ఎండుకొబ్బరి, ధనియాలు, కారం, చింతపండు కలిపి నూరిన ముద్ద. నాలుగు పక్షాలుగా చీల్చిన వంకాయలో అది కూరితే, కాయకన్నా కూరిందే గొప్పదనిపిస్తుంది.

చివరికి కొల్లాపూరు దాటి సోమశిల దారిలో ఒక పునరావాస కాలనీకి వెళ్ళాను. 1980ల తొలి సంవత్సరాలలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఈ తీరాన ఎన్నో పల్లెలు మునిగాయి. గుళ్ళను రాయి రాయి విప్పి గట్టుమీదికి చేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి తరలివచ్చింది అలాగే. ఇళ్ళను తరలించిన వాళ్ళు ఎవరు? ఎనభై దాటిన ఒక అవ్వ, వాకిట్లో ఉన్న రోలును చూపించింది.

“దర్వాజలు, దూలాలు, గీ రోలు—బండి మీద తెచ్చుకున్నం బిడ్డా. మిగిలినదంత నీళ్ళల్లనే.”

భూమి పోయిన తరువాత ఆ ఇంటి మగవాళ్ళు పనికోసం పుణె, ముంబయి దారి పట్టారు. దేశంలోని ఎన్నో ఆనకట్టల మీద చెమటోడ్చిన పాలమూరు కూలీల దారే అది. పండుగకు వచ్చి నాలుగునాళ్ళకే మళ్ళీ మూట కట్టేవారు. పప్పు పూర్ణం మరునాటికే పులుస్తుంది. రైలెక్కే కొడుక్కు ఏమి పెట్టి పంపాలి? అవ్వ అత్తగారి పోలెలు కట్టిపెట్టి, గరిజెలు పట్టింది. నీటిచుక్క తగలని పొడి పూర్ణం. పదిహేను దినాలైనా చెడదు.

“పెద్దోడు ఆడ దినానికొక్కటే తినేటోడట. ఒడిసిపోతదని” అన్నది అవ్వ.

ఆమె మనుమరాలు వనపర్తిలో డిగ్రీ చదువుతున్నది. నాయనమ్మ కొలతలు రాసిపెట్టమని నన్నే అడిగింది. అవ్వ కొలతంతా పిడికిలితోనే! చివరకు ఆమె పిడికిలి పోసినప్పుడల్లా పిల్ల గ్లాసుతో కొలిచి చెబుతూ ఉంటే, నేను కాగితం మీద పెట్టాను. పాఠకులకు కూడా పనికివస్తుందని ఇక్కడ ఇస్తున్నాను.

వేయించి పొట్టుతీసి బరకగా దంచిన పల్లీలు రెండు గ్లాసులు, దోరగా వేయించిన నువ్వులు ఒక గ్లాసు, తురిమి వెచ్చచేసిన ఎండుకొబ్బరి అర గ్లాసు, బెల్లం పొడి ఒకటిన్నర గ్లాసు, యాలకులు ఆరు, చిటికెడు ఉప్పు. అన్నీ పూర్తిగా చల్లారిన తరువాతనే కలపాలి. వేడిమీద కలిపితే బెల్లం కరిగి, గరిజె నూనెలో పగులుతుంది. గోధుమపిండిలో కాచిన నూనె కొంచెం పోసి గట్టిగా తడిపి, పూరీలా ఒత్తి, పూర్ణం పెట్టి, అర్ధచంద్రాకారంగా మడిచి అంచు మెలిపెట్టాలి. సన్నని సెగమీద గోధుమరంగు వచ్చేదాకా వేయించి, ఆరిన తరువాత డబ్బాలో పెట్టాలి.

కాగితం చదివి వినిపించగా అవ్వ శ్రద్ధగా విని, ఒక్క సవరణ చెప్పింది: “పోయేటోళ్ళకైతే బెల్లం ఇంకింత ఎక్కువ రాయి సారూ.” మనుమరాలు ఆ మాటను కాగితం అంచున తన చేతనే రాసుకుని, మడిచి పుస్తకంలో పెట్టుకున్నది.