సైన్యపు తొట్టిబండి

గృహిణులకు పాత వస్తువులతో గల చుట్టరికము నేటిది గాదు. కాలూడిన పీటకు మేకు కొట్టించుట, సొట్టపడిన బిందెను చక్కజేయించుట, ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించుట మన పెద్దలెఱిగిన విద్యలే. మేమీ మాసమున సోదరీమణులకు విన్నవింపబోవునది బిందె సంగతి గాదు. జీపు వెనుక తగిలించుకొని పోవు సైన్యపు సరకుల ట్రైలరు సంగతి. మా యింట దానిని తొట్టిబండి యందుము.

మా కాపురము హైదరాబాదున కొండాపూరులో, హైటెక్ సిటీకి చేరువను. 1998లో నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించునాటికి ఈ వైపున రాతిగుట్టలే హెచ్చు. నేడు ఎటు చూచినను అద్దాల మేడలు. ఇచ్చట వస్తువు చెడినచో బాగుచేయించువారు అరుదు; మార్చువారే మెండు.

మా మామగారు సికింద్రాబాదు తిరుమలగిరిలో సైన్యపు కర్మశాలయందు వాహనములు బాగుచేసి పింఛను పుచ్చుకొన్నవారు. అచ్చటి యిల్లు విడిచి మా యొద్దకు వచ్చినపిమ్మట ఆయన చేతులకు పని లేకపోయెను. వృద్ధులకు విశ్రాంతియే సుఖమని చూడవచ్చిన వారెల్ల చెప్పుచుండిరి. ఆయన మాత్రము నానాటికి మాటలు తగ్గించుకొనుచుండిరి. అట్టి తఱిని పాత యినుము వర్తకుని యొద్ద, సైన్యము వేలము వేసిన సరకులో వచ్చిన ఈ బండి ఆయన కంటబడెను. లారీపై ఇంటికి తెప్పించితిమి.

ఇట్టి బండ్ల పుట్టుక చిత్రమైనది. 1940లో అమెరికాలోని బాంటమ్ కంపెనీవారు తమ సైన్యమునకు మొట్టమొదటి జీపును చేసి చూపిరి. కాని పెద్ద యుత్తరువులు విల్లీస్, ఫోర్డు కంపెనీలకు పోయెను. బాంటమ్ వారికి మిగిలినది జీపు వెనుక నడచు ట్రైలరు. వారు దానినే శ్రద్ధతో చేసిరి. రెండు చక్రముల నడిమి దూరము జీపు చక్రములతో సమానము. కనుక జీపు జాడలోనే యిదియు నడచును. మోయు బరువు పావు టన్ను. తొట్టి నీటిపై తేలును. లోన జేరిన నీరు పోవుటకు అడుగున బిరడాలు గలవు.

పని మొదలిడితిమి. పాత రంగులలో సీసముండవచ్చును గాన, పిల్లలను దూరముంచి, ముక్కునకు ముసుగు గట్టుకొని, తడి చేయుచు గరుకు కాగితముతో రుద్దితిమి. పిమ్మట చిన్న సుత్తితో రేకునంతయు తట్టితిమి. మంచి యినుము ఖంగున పలుకును. త్రుప్పు తినినది మొద్దుగా పలుకును. కుండను తట్టి కొను మనకు ఈ పరీక్ష నేర్పనక్కఱలేదు. మామగారికి చెవి మందగించినందున మేము తట్టి చెప్పుచుండగా ఆయన సుద్దతో గీతలు గీచుచుండిరి. గీత పడినంత మేర కోయించి క్రొత్త రేకు అతికించితిమి. చక్రముల బేరింగులను డీజిలులో కడిగి, ఆరిన పిమ్మట, అరచేత గ్రీజు తీసికొని గుండ్ల సందులందు నిండునట్లు అదుమవలెను. ఇది చేయు విధమును చూడ, పగలెల్ల కంప్యూటరు ముందు కూర్చుండు ఇరుగుపొరుగు కుఱ్ఱవాండ్రు ఆదివారము లేచి వచ్చుచుండిరి. మామగారు ఒక్కొక్కరి చేత చేయించి, బాగుగాలేనిచో కడిగించి మరల చేయించుచుండిరి.

రంగు దగ్గఱ చిక్కు వచ్చెను. ఆ బండి తొలి రంగు సైన్యపు ఆలివ్ పచ్చ. మన 1988 నాటి మోటారు వాహనముల చట్టము యంత్రము లేని ట్రైలరును గూడ మోటారు వాహనముగనే యెంచును. 1989 నాటి కేంద్ర నియమములు రక్షణశాఖ వాహనములకు దక్క అన్యములకు ఆ రంగు పూయరాదనుచున్నవి. ఈ మాట మామగారికెట్లు చెప్పుదుమా యని రెండు దినములు వెనుకాడితిమి. చెప్పగా ఆయన నవ్వి, “ఆ రంగు కొలువులో నున్నవారిది. నేను కొలువు వదలి యూనిఫారము పెట్టెలో పెట్టితిని. పని వదలితినని ఎవరు చెప్పిరి?” అనిరి. ఎఱ్ఱని ఆక్సైడు పూతపై ముదురు నీలము వేసితిమి.

పూలమొక్కలు పెట్టుకొనుడని కొందఱు, చాటు బండి చేసి అమ్ముడని కొందఱు సలహా యిచ్చిరి. మామగారు ఒప్పలేదు. చక్రములున్నది కదలవలెనని ఆయన పట్టు. రహదారి యెక్కింపవలెనన్న రిజిస్ట్రేషను కావలయును. కనుక అది మా గృహసముదాయపు ఆవరణలోనే తిరుగుచున్నది. ఆదివారమున ఎండుటాకులు నింపి, కుఱ్ఱవాండ్రు నెట్టగా, ఆయన ముందు నడచుచు ఎరువు గుంట యొద్దకు చేర్చుచున్నారు. భోజనమువేళ ఆయన మాటలు మరల వినబడుచున్నవి.

సోదరీమణులారా! పునరుద్ధరణమనగా తొలినాటి రూపము తెచ్చుటయని కొందఱి తలంపు. మా బండికి తొలి రంగు రాలేదు. తొలి రేకు కొంత మిగులలేదు. దాని పని దానికి వచ్చినది. మీ యింటి పెద్దలను విశ్రమింపుడని చెప్పుటకు ముందు, ఏమి చేయ మనసున్నదని యొకమాఱు అడిగి చూడుడు.