సందెవేళ పైడికంటెలు

మంత్రాలయం వెళ్లినవాళ్లు తుంగభద్రలో స్నానం చేసి, ముందుగా మంచాలమ్మకు మొక్కి, రాఘవేంద్రస్వామి బృందావనం దర్శించుకుని తిరుగు బస్సెక్కుతారు. పొద్దుగూకే దాకా ఆగితే మాత్రం ఏటి దిక్కున ఉన్న పాత చెట్లను ఓపిగ్గా చూడండి. ఎండ పసుపురంగుకు తిరిగే వేళకు ఏదో ఒక తొర్రలోంచి గుండ్రటి తల బయటికొస్తుంది. కాసేపటికి పక్కనే ఇంకొకటి.

అవి పైడికంటెలు. గుడ్లగూబల్లో చిన్న రకం. గోరింక కన్నా కాస్త చిన్నవి. బూడిదరంగు ఒంటి మీద తెల్లటి చుక్కలు, పసుపుపచ్చని కళ్లు. మనిషి కనబడితే తల కిందికీ పైకీ ఆడిస్తూ తేరిపార చూస్తాయి. వాటి కనుగుడ్లు మన వాటిలా అటూ ఇటూ కదలవు. అందుకే తలనే తిప్పుతాయి. మన మెడలో 7 ఎముకలుంటే వాటికి 14. తలను ముప్పావు చుట్టు తిప్పగలవు.

ఇంత ముచ్చటైన పిట్టకు మన పల్లెల్లో చెడ్డపేరు. ఇంటి మీద అరిస్తే చావు కబురంటారు. ఆ మాట మా ఇంటిదాకా వచ్చింది. నాయన మంచాన పడిన రెండు నెలలూ పెరట్లోని వేపచెట్టు మీద పైడికంటెలు రాత్రంతా అరిచేవి. ఆయన పోయాక చూడవచ్చినవాళ్లంతా అదే ఎత్తారు. ‘ఆ చెట్టు కొట్టించు వదినా, ఇంకెవరికీ కీడు రాకుండా’ అంది పక్కింటామె. అమ్మ అవుననలేదు, కాదనలేదు. గొడ్డలి పట్టుకుని మనిషి వస్తే మాత్రం రేపు రమ్మని పంపేసేది.

నాయన సంవత్సరీకం అయ్యాక అమ్మను మంత్రాలయం తీసుకెళ్లాను. దర్శనమయ్యాక చెట్టు కింద కూర్చున్నాం. పైన కొమ్మ మీద జంట వాలి, చిర్రుచిర్రుమని అందుకుంది. అమ్మ లేచిపోతుందేమోననుకున్నాను. తలెత్తి చాలాసేపు చూసింది.

‘ఇంతుందా ఇది!’ అంది. తర్వాత మెల్లగా, ‘మీ నాయన కాళ్లొత్తుకుంటా మేలుకోనుంటి కాబట్టి ఇనపడె. అంతకుముందు అరిసినా నిద్రలో మనకేం తెలుసు?’ అంది.

ఏడాదిగా నేను వెతుక్కుంటున్న మాట అది. రోగి పక్కన మేలుకున్నవాళ్లకే రాత్రి చప్పుళ్లన్నీ వినిపిస్తాయి. పిట్ట తన జతను పిలుచుకుంటుంది. దుఃఖంలో ఉన్నవాళ్లకది తమకొచ్చిన కబురులా తోస్తుంది. ఆ వేపచెట్టు ఇప్పటికీ మా పెరట్లోనే ఉంది.

నిజానికి రైతుకు ఇది చుట్టమే. పురుగులు, చిట్టెలుకలు దీని తిండి. గుడ్లగూబలను పట్టినా, చంపినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా దీపావళి ముందు క్షుద్రపూజల పేరుతో వీటిని పట్టి అమ్మేవాళ్లున్నారు.

రైల్లో వచ్చేవాళ్లు మంత్రాలయం రోడ్ స్టేషన్లో దిగితే ఊరు సుమారు 15 కిలోమీటర్లు. చూడ్డానికి పొద్దుగూకే ముందు అరగంట మంచి సమయం. తొర్ర కింద మాను మీద తెల్లటి రెట్ట చారలుంటే అక్కడ కాపురమున్నట్టే. టార్చి వేయొద్దు, రాయి విసరొద్దు. పిల్లలుంటే వెంట తీసుకెళ్లండి. ఆ పిట్ట గురించి చెడ్డ మాట వినకముందే దాన్ని ఒకసారి కళ్లారా చూస్తారు.