మా యింట సముద్రపు తోట

మన ఓరుగల్లు చెరువుల సీమ. భద్రకాళి చెరువును, పాకాలను, రామప్పను ఎఱిగిన మనకు సముద్రము మాత్రము దూరము. అట్టి యూరిలో నేనొక గాజుతొట్టియందు ఉప్పునీటి నాచులను పెంచుచున్నానని వినినవారు నవ్వుదురు. ఐనను నాలుగేండ్లుగా అవి మా యింట పచ్చగా నున్నవి.

ఈ విద్యకు త్రోవ చూపినవారిలో స్త్రీలు గలరు. 1832లో సిసిలీ దీవియందు జాన్ విల్‌ప్రూ పవర్ అను నామె సముద్రజీవులను పరిశీలించుటకై గాజుతొట్లు చేయించెను. 1846లో ఆనా థిన్ అను నామె టార్కీ తీరమునుండి పగడపు జీవులను లండనునకు తెచ్చెను. ఆమె యింటి పనికత్తె తెఱచిన కిటికీయొద్ద నిలిచి, ఆ నీటిని పాత్రనుండి పాత్రకు పోయుచు గాలి యందించెడిది. పిదప సముద్రపు మొక్కలనుంచగా ఆ శ్రమ తగ్గినది. థిన్ పేరు పుస్తకముల కెక్కెను. ఆ పనికత్తె చేతులను తలంచువారరుదు.

సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. అందు మెగ్నీషియము, కాల్షియము మొదలగునవి గలవు గనుక వంటయుప్పు చాలదు. అంగడిలో దొరకు ప్రత్యేక లవణమును శుద్ధజలమున కలుపవలెను. నీరు ఆవిరియై పోవును గాని ఉప్పు పోదు. కావున తగ్గినమేరకు మంచినీరే పోయవలెను. పులుసు మఱగినకొలది ఉప్పగుట యెఱిగిన మనకు దీనిని వేఱే బోధింప నక్కఱలేదు.

నాచునకు నిజమైన వేళ్లు లేవు, పువ్వులు లేవు. చేపల మలినమునుండి పుట్టు నత్రజని లవణములను దేహమంతటితోను పీల్చి పెరుగును. పెరిగినదానిని కత్తిరించి తీసివేసినచో ఆ మలినమును తీసినట్లే. కౌలెర్పా యను జాతి యొక్కొక్కప్పుడు రాత్రికి రాత్రి తెల్లబడి కరగి నీటిని పాడుచేయును. దానిని కనిపెట్టి యుండవలెను.

గత వైశాఖమున నొకరాత్రి కరెంటు పోయినది. చీకటిలో నాచు గూడ చేపలవలెనే ప్రాణవాయువును తీసికొనును. తెల్లవాఱువఱకు నేనును మా యమ్మాయియు చెంబులతో నీరు ముంచి పోయుచుంటిమి. నడిరేయి అమ్మాయి, "అమ్మా, వీనిని ఇంతదూరము రమ్మని యెవరు పిలిచిరి?" అని యడిగెను. "మనమే పిలిచితిమి. అందుచేతనే నిద్ర మానితిమి," అంటిని.

అంతకుముందు అమ్మాయి సముద్రపు గడ్డిని తెప్పింపుమని కోరుచుండెడిది. అది వేళ్లుగలిగి నీటిలోపలనే పూయు మొక్క. పాక్ అఖాతమున సముద్రపు ఆవులకు మేత. వానికొఱకు తమిళనాడు ప్రభుత్వము 2022లో అచ్చట నొక సంరక్షణ ప్రాంతమును ప్రకటించినది. మా వేడుకకై ఆ మేతను పెఱికించుట తగదని యిరువురమును తలంచితిమి. తొట్లు పెంచువారు కత్తిరించి యిచ్చు నాచుతోనే తృప్తి చెందితిమి.

మీలో నెవరైన నిట్టి తోట పెంచగోరినచో ముందుగా తొట్టి వెలను గాక, వేసవి రాత్రులను లెక్కింపుడు. అతిథిని పిలిచిన యిల్లాలు మెలకువగా నుండవలెను గదా!