సాయంత్రం నాలుగు నుండి ఆరు వరకు

మా రాజంపేట వైపు చేప అంటే ఆదివారపు కూర కాదు. ఆదివారం ఆరాధన ముగించుకొని ఇంటికి వస్తే కోడి గాని పొట్టేలు గాని ఉడుకుతుంది. చేప మాత్రం దొరికిన రోజు కూర. చెయ్యేట్లో నీళ్లు పారిన ఏడు ఏటిచేప, లేకుంటే చెరువులో పెంచిన బొచ్చె, శీలావతి. సముద్రపు చేప అయితే నెల్లూరు వైపు నుండి ఐసు పెట్టెల్లో రావాలి. చేపలమ్మే ఆమె ఉదయం చెప్పిన ధర పొద్దువాలాక చెప్పదు. ఐసు కరిగేకొద్దీ ధర దిగుతుంది. కూలికి పోయి వచ్చే తల్లులు సంచి పట్టుకొని వచ్చేది ఆ వేళకే. కనుక చవకగా చేప తినే వేళ ఒకటుంటుందని నేను అమెరికా వెళ్లి నేర్చుకోనక్కరలేదు. అయినా అక్కడ చూచినది మన కుటుంబాలకు చెప్పాలనిపించింది.

మా అమ్మాయి, అల్లుడు బోస్టన్ నగరంలో ఉంటారు. నేను వెళ్లిన రెండవ వారం అమ్మాయి, "అమ్మా, రేపు నాలుగింటికి సముద్రపు చేపల హోటలుకు పోదాం. హ్యాపీ అవర్ ఉంది, సగం ధరకే పెడతారు" అన్నది. ఆ మాట నేను అంతకు ముందు చూచింది బెంగుళూరులో, బార్ల బోర్డుల మీద. నేను రానన్నాను. నా సంగతి తెలిసిన పిల్ల గనుక నవ్వలేదు.

మా నాయన మంచి తాపీపనివాడు. సాయంత్రం ఐదింటికి కూలి చేతిలో పడేది. మా అమ్మ చేతికి వచ్చేసరికి ఆరు దాటేది, వచ్చేది మిగిలిన చిల్లర. నడుమ ఉన్నది సారాయి అంగడి. నలుగురు పిల్లలం గడపలో కూర్చొని, ఆయన నడకను బట్టి ఆ రాత్రి అన్నం ఉంటుందో లేదో చెప్పుకొనేవాళ్లం. ఆ గంటకు సంతోషమని ఎవరైనా పేరు పెడితే నా చెవికి ఎక్కదు.

"అమ్మా, ఈ రాష్ట్రంలో వేళను బట్టి మద్యం ధర తగ్గించకూడదని చట్టముంది. తగ్గించేది తిండికే" అని అమ్మాయి చెప్పిన తరువాతనే బయలుదేరాను. దారిలో అల్లుడు వివరం చెప్పాడు. 1983లో ఆ చుట్టుపక్కల ఒక హోటల్లో పందెంలో గెలిచిన ఉచిత బీరు తాగి వచ్చినవాళ్ల కారు కింద ఒక యువతి చనిపోయింది. మరుసటి ఏడు, 1984లో, మసాచుసెట్స్ రాష్ట్రం చవక మద్యపు వేళలను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి రాష్ట్రం అదే. ఇంకొక విశేషం కూడా చెప్పాడు. ఈ హ్యాపీ అవర్ అనే మాట మొదట ఓడలలో వాడుకలోకి వచ్చిందట. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నావికులకు విసుగు పోవడానికి పాటలు, సినిమా, కుస్తీలు పెట్టే వేళ అది. ఆ ఓడలలో 1914 నుండి మద్యం నిషిద్ధం. మాట మంచిదే, తాగుడు తరువాత వచ్చి చేరింది.

నాకు మన ఆడవాళ్లు గుర్తుకు వచ్చారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు నేర్చుకొంటున్న స్త్రీలు, రోశమ్మగారితో కలిసి సారాయి అంగడి మూయించారు. ఆ మంట జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాయి నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. సారాయి పోయిన నాటికి మా నాయన లేడు. మా అమ్మ మాత్రం ఆ వార్త రెండుసార్లు చదివించుకొన్నది.

హోటలు రేవుకు దగ్గర. నాలుగింటికి సగం బల్లలు ఖాళీ. చవక ఎందుకో అక్కడే అర్థమైంది. మధ్యాహ్నం భోజనాలవాళ్లు వెళ్లిపోయారు, రాత్రివాళ్లు ఇంకా రాలేదు. అద్దె, వంటవాళ్ల జీతం ఆగవు, ఉదయం దింపిన చేప ఆగదు. ఊరకే కూర్చొనే బదులు తక్కువకు పెడతారు. మా ప్రక్కన ఒక ముసలి దంపతులు ఒక గిన్నె సూపు, ఆరు ఆలిచిప్పలు పంచుకొని తింటున్నారు. పింఛను డబ్బుతో బ్రతికేవాళ్లలా ఉన్నారు. రాత్రి ఏడింటికైతే ఒక్కో ఆలిచిప్ప మూడున్నర డాలర్లు, ఇప్పుడు ఒకటిన్నర. వాటిని పచ్చిగానే నిమ్మరసం పిండి మింగుతారు. రెక్కలు, పొలుసులు లేనిది తినవద్దని లేవీయకాండములో ఉన్నది గదా అని నేను అల్లుడితో అంటే, పేతురుకు పైనుండి దిగిన దుప్పటి సంగతి ఎత్తాడు. వాదన ఆయనే గెలిచాడు, ఆలిచిప్ప మాత్రం నేను ముట్టలేదు.

నాకు కాడ్ చేప వేయించి తెచ్చారు. ఆ రాష్ట్రపు శాసనసభలో కొయ్యతో చెక్కిన కాడ్ చేపను 1784 నుండి వేలాడదీశారంటే, దాని వలన ఎన్ని ఇండ్లు నిలబడ్డాయో ఆలోచించండి. తెల్లని కండ, ముల్లు లేదు. ఉప్పు, కారం మన నాలుకకు చాలవు, చింతపండు పులుసు ఊసే లేదు. కాని చెప్పవలసింది రుచి గురించి కాదు. నాకు యాభై ఎనిమిదేండ్లు. పెండ్లి అయిన నాటి నుండి మా ఇంట్లో చేప వండితే నడిమి ముక్కలు మగవాళ్లకు, పిల్లలకు. తల, తోక నావి. ఎవరూ చెప్పింది కాదు, నేనే అలా వడ్డించాను, మా అమ్మ కూడా అలాగే చేసింది. ఆ పూట మూడు పళ్ళెములు ఒక్కసారే వచ్చాయి, మూడింటిలోనూ నడిమి ముక్కలే. ప్రార్థన చేసి అందరం కలిసి మొదలుపెట్టాము. వేడిగా ఉండగానే చేప తినడం నాకు క్రొత్త.

ముగ్గురికి నలభై రెండు డాలర్లు అయింది. రూపాయల్లోకి మార్చి చూడవద్దని అమ్మాయి బ్రతిమాలింది. వడ్డించిన పిల్లకు అల్లుడు విడిగా ఇచ్చిన డబ్బు తగ్గింపు ధర మీద కాక అసలు ధర మీద లెక్కగట్టి ఇచ్చాడు. ధర సగమైనా ఆ అమ్మాయి మోసిన పళ్ళెములు సగం కాలేదు గదా అన్నాడు.

ఊరికి వచ్చాక ఇదంతా మా చేపలామెకు చెప్పాను. ఆమె కత్తిపీట మీద నుండి తలెత్తి, "ఆడ గూడా పొద్దుగూకితే ధర దిగుతాదా అమ్మా?" అని అడిగి, మొప్పలు విప్పి ఎర్రగా ఉన్నవి నాకు చూపింది. కిలోన్నర బొచ్చె తీసుకొన్నాను. ఈసారి నడిమి ముక్కలు లెక్కపెట్టి కోయించాను, ఇంటిలో ఎంతమంది ఉంటే అన్ని.