తోడూ, ఏర్పాటూ

మా ఓర్వకల్లు రాళ్ల మధ్య విమానాలు దిగుతాయని మా తాతగారి కాలంలో ఎవరైనా అంటే నవ్విపోయేవారు. 2021 మార్చిలో ఆ ముచ్చటా తీరింది. ఆకాశంలో మోత వినిపిస్తే చాలు, వీధిలో పిల్లలు పరుగెత్తుకొచ్చి చేతులూపుతారు. మా ఆవిడ మేనత్తగారు మాత్రం మా యింటికి వచ్చినప్పుడు ఆ మోత వింటే లేచి, ఏ పిల్ల ఎక్కడున్నదో చూసుకుంటారు. ఆవిడకు తొంభై ఏళ్లు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసిననాడు ఆవిడ ఏడేళ్ల పిల్ల.

యుద్ధం వస్తే పిల్లల్ని ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నకు పెద్ద యెత్తున జవాబు వెతికిన దేశం బ్రిటను. 1939 సెప్టెంబరు 1న మొదలుపెట్టి, మూడు రోజుల్లో దాదాపు 15 లక్షల మందిని లండను వంటి నగరాల నుంచి పల్లెలకు తరలించారు. అందులో సగానికి పైగా అమ్మానాన్నలు వెంట లేని బడిపిల్లలు. ఒంటిమీద పేరు రాసిన చీటీ, భుజాన గ్యాసు ముసుగు పెట్టె, చేతిలో చిన్న మూట. పంతుళ్లు తోడు వెళ్లారు. పిల్లల్ని ఉంచుకున్న యింటివారికి సర్కారు వారంవారం డబ్బు కట్టింది. ఇంత బందోబస్తు మన పుష్కరాల్లో కూడా చూసి వుండం.

అయితే రైలు దిగిన తర్వాత కథ వేరు. చాలా ఊళ్లలో పిల్లల్ని హాల్లో నిలబెడితే, గృహస్థులు వచ్చి సంతలో లాగా ఏరుకున్నారు. పనికి అక్కరకొచ్చే మగపిల్లలూ, ముద్దొచ్చే ఆడపిల్లలూ ముందుగా వెళ్లిపోయారు. మాసిన బట్టలవాళ్లూ, కలిసే ఉంటామని పట్టుబట్టిన అన్నదమ్ములూ చివరిదాకా మిగిలారు. అక్క ఒక యింట్లో, తమ్ముడు మరో యింట్లో. బిడ్డ ఎక్కడ చేరాడో కార్డుముక్క వస్తేగాని తల్లికి తెలియదు. కొందరికి ఆ కొత్త యిల్లే సొంతిల్లయింది. ఆ ప్రేమలు జీవితాంతం నిలిచాయి. మరికొందరికి తిట్లూ చాకిరీ దక్కాయి. పిల్లలు పక్క తడపడం ఆ ఊళ్లలో పెద్ద రచ్చే అయింది.

అనుకున్న బాంబులు వెంటనే పడకపోయేసరికి, 1940 జనవరి నాటికి సగానికి పైగా జనం తిరిగి యిళ్లకు చేరుకున్నారు. ఆ సెప్టెంబరులోనే లండను మీద బాంబుల వాన మొదలైంది. మళ్లీ తరలింపు. అదే నెల 17న, కెనడాకు పోతున్న సిటీ ఆఫ్ బెనారస్ ఓడను జర్మన్లు ముంచేశారు. సర్కారు పథకం కింద ఆ ఓడ ఎక్కిన 90 మంది పిల్లల్లో 77 మంది పోయారు. మొత్తం యుద్ధంలో బ్రిటనులో బాంబులకు బలైన పిల్లలు 7 వేలకు పైగా. అసలు తరలించకపోతే ఆ లెక్క ఎంతకు పోయేదో వూహించుకోవచ్చు. అంచేత తరలింపు దండగ అనడానికి నోరు రాదు.

కాని, లండనులో యుద్ధకాలపు శిశువిహారాలు నడిపిన ఆనా ఫ్రాయిడ్ పసివాళ్లను దగ్గరగా చూసి ఒక సంగతి తేల్చింది. అమ్మ పక్కనుంటే బాంబుల మోతను కూడా ఓర్చుకునే పిల్లలు, అమ్మకు దూరమైతే ఓర్చుకోలేకపోతున్నారని.

ఈ మాట మేనత్తగారికి చెబితే నవ్వారు. "ఇది తెలియడానికి అంత చదువెందుకు బాబూ?" అన్నారు. బాంబులు పడ్డ తర్వాత విశాఖ వీధులు ఖాళీ అయిపోయాయట. బండి దొరికినవాళ్లు బండి మీద, దొరకనివాళ్లు కాలినడకన. వీళ్ల నాన్నగారు హార్బరులో గుమాస్తా. ఉద్యోగం వదిలే వీల్లేక అక్కడే ఉండిపోయారు. తల్లి నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని విజయనగరం అవతల పుట్టింటికి చేరింది. బర్మా బియ్యం ఆగిపోయి ధరలు మండిన ఏడు అది. పదిహేను మంది తినే యింట్లో పూటపూటా చోడి అంబలే. ఏడాది చదువు పోయింది. భయం వెయ్యలేదా అంటే, "నాకేం భయం? అమ్మ ఉందిగా. భయమంతా అమ్మదే. నాన్న ఉత్తరం వచ్చేదాకా వీధి అరుగు దిగేది కాదు" అన్నారు.

ఇందులో లోటు కూడా వుంది. పుట్టిల్లున్నవాళ్లకు సరే, పల్లెలో ఎవరూ లేనివాళ్ల సంగతేమిటి? ఆ ఏడే బర్మా విడిచి అరకాను, మణిపురం కొండదారుల్లో నడిచివచ్చిన లక్షల మంది భారతీయుల్లో మన తెలుగు కూలీల కుటుంబాలూ వున్నాయి. పిల్లలు అమ్మానాన్నల చంకనే వున్నారు. అయినా తిండీ మందూ లేక దారిలోనే ఎందరో రాలిపోయారు. వట్టి తోడు మాత్రమే చాలదు.

బ్రిటనులో ఏర్పాటు వుంది, తోడు లేదు. విశాఖలో తోడు వుంది, ఏర్పాటు లేదు. పేపర్లు దిద్దే అలవాటు కొద్దీ నన్ను మార్కులు వెయ్యమంటే, రెంటికీ సగం సగమే వేస్తాను.

ఎప్పటి గొడవో ఇప్పుడెందుకంటారా? మా జిల్లా పడమటి మండలాల్లో వాన మొహం చాటేసిన ఏడు, కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి పోతాయి. వెంట వెళ్లిన పిల్లకు అమ్మ వుంటుంది, బడి వుండదు. అవ్వ దగ్గరో, ఇలాంటి పిల్లల కోసమే నడిపే సీజనల్ హాస్టల్లోనో ఉండిపోయిన పిల్లకు బడి వుంటుంది, అమ్మ వుండదు.

అలా పెరిగి డిగ్రీదాకా వచ్చిన కుర్రవాడొకడు నా తరగతిలో వున్నాడు. హాస్టలు ఎలా ఉండేదిరా అని అడిగాను. "బాగుండేది సార్. అన్నం బాగా పెడుతుండిరి. మా తమ్ముణ్ణి మాత్రం ఇంకో ఊళ్లో వేసినారు. మా యమ్మ ఎప్పుడొస్తాదంటే ఎవురూ చెప్పకుండిరి" అన్నాడు.

అన్నం పెట్టినవారిని తప్పు పట్టను. ఆ అన్నం లేకపోతే వాడు నా తరగతిదాకా వచ్చేవాడే కాదు. కాని అన్నదమ్ముల్ని ఒక్కచోట ఉంచడానికీ, వారానికోసారి అమ్మతో ఫోనులో మాట్లాడించడానికీ ఎంత ఖర్చవుతుంది? 1939లో రైలెక్కిన పిల్లలకు, మీ అమ్మ ఫలానా రోజున వస్తుందని చెప్పడం ఎవరికీ సాధ్యం కాలేదు. యుద్ధం ఎన్నాళ్లు సాగేదీ ఎవరికీ తెలియదు. మిరపకోతలు ఎన్నాళ్లు సాగేదీ గుంటూరు రైతుకు తెలుసు, కూలీలను తీసుకుపోయే మేస్త్రీకి తెలుసు. ఆ తేదీ పిల్లవాడికి కూడా ఎవరైనా చెప్పాలి.