చూసిందీ విన్నదీ: బాగేపల్లి దారిలో

బెంగళూరు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి పోతుంటే చిక్కబళ్ళాపురం దాటాక కూడా బోర్డులు కన్నడంలోనే ఉంటాయి, చెవినపడే మాటలు మాత్రం తెలుగైపోతాయి. నేనీ దారి పట్టింది నందికొండల కోసం కాదు, వాక్యాల చివరల కోసం. పోలికకు తుర్కీని తీసుకుంటే, అందులో 'గెల్మిష్' అనే ఒక్క క్రియాపదానికి వచ్చాడట, వచ్చినట్టున్నాడు, అరె వచ్చేశాడే అని మూడర్థాలూ ఉన్నాయి. కళ్ళెదుట జరిగినదానికి 'ది', పరోక్షంలో జరిగినదానికి 'మిష్' అని 11వ శతాబ్దంలోనే నిఘంటుకారుడు మహమూద్ కాష్గరీ వేరు చేశాడు. అది సగమే నిజమని 1982లో భాషా పరిశోధకులు స్లోబిన్, అక్సు చూపించారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా, తుర్కీ ప్రధాని ఎజెవిత్ రాజీనామా రెండూ అక్కడి జనం వార్తల్లో విన్నవే. మొదటిది ఎదురుచూసినదే గనక 'ది', రెండోది ఊహించనిది గనక 'మిష్'. ఆ ప్రత్యయం కొలిచేది మనసు సిద్ధంగా ఉందా లేదా అన్నది.

ఇక్కడి తెలుగు అదే పనిని ముక్కలుగా పంచింది. నందికొండల వైపు పుట్టే చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి పోతుంది. ఏటి ఇసుక తడిగా ఉంటే "పైన వాన పడింటుంది", ఎవరో చెబితే "పడిందంట", అనుకోకుండా కంటపడితే "నీళ్ళొచ్చినాయే!" తనకు తెలియకుండానే కునుకు తీసిన తుర్కీవాడు 'ఉయుముషుమ్' అంటాడు, అదే మిష్‌తో. మనవాడు "నిద్రపోయినానంట" అంటే మరొకరు చెప్పారనే అర్థం. తానే గ్రహిస్తే "నిద్రపోయినట్టుండాను" అనాల్సిందే.

అంట తీసేసినా వాక్యం తప్పు కాదు గదా, ఇది వ్యాకరణమెలా అవుతుందని అడగవచ్చు. తప్పు కాదు, పూచీ మారుతుంది. చింతామణి తాలూకా కైవారమే భారతంలోని ఏకచక్రపురమని స్థలపురాణం. "భీముడు బకాసురుణ్ణి ఇక్కడే చంపినాడు" అన్నవాడు కథను తన నెత్తికెత్తుకుంటాడు. "చంపినాడంట" అన్నవాడు పక్కకు నిలబడతాడు. తెలుగులోనూ కన్నడంలోనూ రాసిన కైవారం నారేయణ యతీంద్రులు 1726 నుంచి 1836 దాకా, నూటపదేండ్లు, ఉన్నారన్న సంప్రదాయం సంగతీ అంతే: భక్తుడికి "ఉన్నారు" చాలు, చరిత్రకారుడికి అంట కావాలి. ఇది కన్నడ 'బందనంతె' నుంచి అంటిన అలవాటు కాదా అంటే, కన్నడం చెవినపడని కోస్తాలోనూ 'వచ్చాడట' ఉంది. పొరుగు భాష దాన్ని పుట్టించలేదు, మహా అయితే బలపరిచింది. పంపకం మరీ కచ్చితం కాదని మాత్రం ఒప్పుకోవాలి. "నేను దొంగనంట!" అని మండిపడేటప్పుడు విన్నదీ విస్మయమూ ఒకే అంటలో కలిసిపోతాయి, 'హస్తాయ్‌మిష్!', జబ్బు చేసిందంట, అని వెక్కిరించే తుర్కీవాడూ తన మిష్‌ను సరిగ్గా అలాగే వాడతాడు.