పాలసముద్రం, వెన్నకొండ

పాలసముద్రం మన పురాణాలకే పరిమితమనుకునేవాణ్ణి. ఐరోపాలో పాలసరస్సులు, వెన్నకొండలు వెలిశాయని చదివినప్పుడు మొదట నవ్వు వచ్చింది. కథంతా తెలిశాక ఆ నవ్వు నిలవలేదు.

ఐరోపా ఆర్థిక సమాజం 1968 నుండి పాలకు ధర హామీ ఇచ్చింది. అమ్ముడుపోని వెన్ననూ, పాలపొడినీ తానే కొని దాచింది. ఎంత పిండినా ధర పడిపోదన్నప్పుడు ఏ రైతు మాత్రం పిండకుండా ఉంటాడు? గిడ్డంగులు నిండిపోయాయి. 1984లో కోటాలు విధించవలసి వచ్చింది. అవి 2015 వరకు సాగాయి.

దాచలేని మిగులు సబ్సిడీతో, చవక ధరకు, సముద్రాలు దాటింది. ఆ పొడి దిగిన చోట స్థానిక పాడిరైతుకు పాలు అమ్ముకునే దారి మూసుకుపోతుంది. 1990లలో జమైకా అనుభవం ఇదే.

మనకూ ఆ పొడి దానంగా వచ్చింది. అయితే 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్‌లో కురియన్ దానిని ఉచితంగా పంచిపెట్టనివ్వలేదు. పాలుగా కలిపి నగరాలలో అమ్మించి, ఆ సొమ్మును పల్లెల పాల సహకార సంఘాలకు పెట్టుబడిగా మళ్ళించారు.

రైతును ఆదుకోవద్దని నేననను. కానీ ఒక దేశపు రైతుకిచ్చిన ఆసరా మరో దేశపు రైతు పాడిని ఎండగట్టకూడదు. ఊరికే వచ్చిన పాలకు ఆశపడి ఇంట్లో గేదెను అమ్ముకుంటే, రేపు ఆ పాలకు వాళ్ళు చెప్పిందే ధర.